మేకుకు తగిలించాల్సిన వైరు

ఆరేళ్లు ఒక మాటను మోశాను. అన్నం తినేటప్పుడు ఉండేది, బండి మీద పోయేటప్పుడు ఉండేది, పిల్లలతో కూర్చుని నవ్వేటప్పుడు కూడా గొంతులో ఎక్కడో అడ్డం పడి ఉండేది. పెద్ద మాటేం కాదు. "తెలియకుండా తగిలుంటుందిలే అక్కా." అంతే. తిట్టు కాదు, నింద కాదు. పక్కన నిలబడి విన్నవాళ్లకు ఓదార్పులాగే వినిపించి ఉంటుంది. ఆ ఓదార్పుతోనే నేను ఒక మనిషి పదకొండేళ్ల పనిని తీసేశాను. పని ఒక్కటే తీసేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు మొదలుపెడితే నేను మళ్లీ తెలివిగా మాట్లాడతాను. తెలివిగా మాట్లాడటం నాకు బాగా వచ్చు, దాంతోనే బతుకుతున్నాను. నా పేరు అడక్కండి. పేరు చెప్పగలిగే ధైర్యం ఉన్నవాణ్ణయితే ఇది ఆరేళ్ల కిందటే తేలిపోయేది.

నాది కంప్యూటర్ల పని. నెల్లూరులో ఉంటాను. చిన్న కంపెనీలకు కంప్యూటర్లు పెట్టడం, చెడిపోతే బాగు చేయడం, సమాచారం పోకుండా కాపాడటం. విడవలూరు దాటి సముద్రం దగ్గర ఒక చేపపిల్లల హేచరీ ఉండేది. అందులో పండుగప్ప పిల్లల్ని పుట్టించి చెరువుల రైతులకు ఇచ్చేవాళ్లు. దాని యజమానిని అందరం సార్ అనేవాళ్లం. వరి పండించే ఇంటి నుంచి వచ్చి, సైన్సు చదువుకుని, చేపల మీద పిచ్చితో హేచరీ పెట్టిన మనిషి.

కావేరక్క అక్కడ తొట్లు కడిగే పనికి చేరింది. పక్కనున్న జాలర్ల ఊరు పట్టపుపాళెం ఆమెది, మొగుడు పడవ మీద పోతాడు. చేరిన ఏడాదికే తల్లి చేపల్ని ఒక్కొక్కదాన్ని మొహం చూసి గుర్తుపట్టేది. మనకు అన్నీ ఒకేలా వెండిరంగులో కనిపిస్తాయి. ఆమె మాత్రం "ఇది తోక చీలింది, నిరుడు మేత మానేసి ఏడిపించింది ఇదే" అనేది. సార్ ఆమె చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి రాయమన్నాడు. ఐదో తరగతి చదువుతో ఆమె రాయడం మొదలుపెట్టింది. పదకొండేళ్లు రాసింది.

ఏం రాసిందంటే, ఎవరు ఎవరి బిడ్డ అన్నది. పండుగప్ప సంగతి మీకు తెలుసో లేదో, అది మొదట మగది. కొన్నేళ్లు మగగా బతికి, పెద్దయ్యాక ఆడదవుతుంది. నేను మొదట విన్నప్పుడు కావేరక్క నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. నిజమే. నాలుగేళ్ల కిందట తండ్రిగా ఉన్న చేప ఇవాళ తల్లి. ఆ లెక్క ఎక్కడో రాసి పెట్టుకోకపోతే, తన బిడ్డలతోనే దాన్ని జత చేసేస్తాం. అట్లా పుట్టిన పిల్లలు వంకర వెన్నుతో, మూయలేని నోటితో పుట్టి చచ్చిపోతాయి. అందుకే ఆ నోటుబుక్కులు లేకపోతే ఆ హేచరీ లేదు. తల్లి చేపల ఒంట్లో ఒక్కో చిప్పు ఉండేది, రీడర్ దగ్గర పెడితే నంబరు చూపించేది. నంబరు మాత్రమే. ఆ నంబరు వెనకున్న వంశం అంతా కావేరక్క రాతలో ఉండేది.

ఆ రాతను కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. మూడు నెలలు ఆమె చదువుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఉప్పుగాలికి ఆ పుస్తకాలు మెత్తబడిపోయాయి, కొన్నిటికి చెదలు పట్టింది. అంతా ఎక్కించాక, ఇంక ఇవెందుకక్కా, పాతసామాన్లవాడికి వేసేయమన్నాను. ఆమె రెండు వారాలు వెయ్యలేదు. నేను నవ్వాను. అప్పుడు వేసింది.

ఇంతలో మా వైపు ఒక చేపల మేత కంపెనీలో ఒకరోజు పొద్దున కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. ఎవడో ఎక్కడి నుంచో లోపలికి దూరి అన్నిటికీ తాళం వేసి, డబ్బిస్తే తీస్తానని తెర మీద రాశాడు. ఆ వార్త విని సార్ నన్ను పిలిపించాడు. అప్పుడు నేను కట్టిందే ఆ గది.

ఎంత గర్వంగా కట్టానో! ఆఫీసు వెనక మందు డబ్బాలు పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేయించి, ఏసీ పెట్టించి, అందులో ఒక కంప్యూటరు పెట్టాను. దానికి ఇంటర్నెట్ లేదు. వైఫై లేదు. బయటి లోకంతో సంబంధమే లేదు. ఆఫీసు నుంచి ఒకే ఒక్క నీలం వైరు వస్తుంది. శనివారం పూట ఆ వైరు తగిలించి, వారం పని అంతా కాపీ చేసుకుని, అయిపోగానే వైరు పీకి గోడకున్న మేకుకు తగిలించాలి. అంతే! వైరు మేకుకు ఉన్నంతసేపూ ఏ దొంగా ఆ గదిలోకి రాలేడు. పక్కనే ఇంకో శుభ్రమైన కంప్యూటరు. నెలకొకసారి ఆ కాపీని దాంట్లో తెరిచి చూడాలి, రేపు అవసరమొస్తే నిజంగా లేచి నిలబడుతుందా లేదా అని. బయట అంతా తగలబడినా ఆ గదిలో నుంచి హేచరీ మళ్లీ మొదలవ్వాలి. దానికోసమే ఆ గది.

తలుపు పక్కన ఒక రిజిస్టరు వేలాడదీశాను. తేదీ, వైరు తగిలించిన టైము, పీకిన టైము, సంతకం. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర. రెండోది కావేరక్క దగ్గర, ఏసీ నీళ్లు కారితే తుడవడానికి.

ఏడాది పాటు పద్ధతిగా చేశాను. ఒట్టు. ఒక్క శనివారం తప్పలేదు.

ఆ ఏడాది ఆయుధ పూజ శనివారం వచ్చింది. సార్‌కి ఆ పండగంటే మహా ఇష్టం. పంపులు, జనరేటర్లు, మేత మిషన్లు, అన్నిటికీ బొట్లు, బంతిపూల దండలు. నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు ఆపితే చేపలు చస్తాయి కాబట్టి వాటికి తిరుగుతుండగానే పూజ. మిగతావన్నీ ఆ రోజు ముట్టుకోకూడదు. నేను పొద్దున్నే వచ్చి వైరు తగిలించి కాపీ మొదలుపెట్టాను. అది సగంలో ఉండగానే సార్ పళ్లెంతో వచ్చేశాడు. వెనక కావేరక్క. పెట్టెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ నీలం వైరు పెట్టెలోకి పోయే చోట కూడా ఇంత కుంకుమ అద్దింది. "వీడే గదా సారూ దారి, వీడికి పెట్టకపోతే ఎట్టా" అంది. అందరం నవ్వాం. కొబ్బరికాయ కొట్టి సార్ నాతో అన్నాడు, పూజ చేసినదాన్ని రేపటిదాకా కదిలించొద్దు, ఇంక ఇంటికిపో.

పోయాను. సంతోషంగా పోయాను. వైరు అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు పండగ, రాలేదు. తర్వాత వచ్చిన శనివారం గదిలోకి పోయి చూస్తే, వారం రోజులుగా రోజూ కాపీ దానంతటదే అయిపోయి ఉంది. వైరు ఉంది కదా మరి. పైగా ఇప్పుడు ఆ వైరు గుండా ఆఫీసు ఇంటర్నెట్ అందుతోంది కాబట్టి, ఆ కంప్యూటరు నెల్లూరులో ఇంట్లో కూర్చున్నా నా ఫోన్లో కనిపిస్తోంది. నేను చెయ్యి వైరు మీద పెట్టాను. బాగా గుర్తుంది, పెట్టాను. పీకలేదు. ఎండలో ముప్పై కిలోమీటర్లు బండి మీద రావడం, రెండు గంటలు ఉప్పుగాలిలో కూర్చోవడం, మళ్లీ ముప్పై కిలోమీటర్లు. ఈ ఒక్కవారం చూద్దాంలే అనుకున్నాను. అట్లా ఐదు నెలలు.

నేనేం కట్టానో నాకు తెలీదా? ఊళ్లోవాళ్లందరికీ పాఠం చెప్పేవాణ్ణి. ఆ వైరు పీకితేనే అది గది, పీకకపోతే ఉత్త సామాను అని తెలీదా? తెలుసు. తెలిసే ఉంచాను. నెలకొకసారి వచ్చి నాలుగు శనివారాలకు ఒకేసారి రిజిస్టరులో సంతకాలు పెట్టేవాణ్ణి. తగిలించింది తొమ్మిదికి, పీకింది పదకొండుకి. ఒకసారి తొమ్మిది పది అని రాసేవాణ్ణి, ఒకసారి తొమ్మిది ఐదు. నిజమనిపించేలా మార్చి మార్చి రాసేవాణ్ణి. ఛీ! అంత శ్రద్ధ వైరు పీకడంలో పెట్టి ఉంటే సరిపోయేది కదా.

శనివారం రావడం లేదేమని కావేరక్క ఒకసారి అడిగింది. ఇప్పుడంతా ఫోన్లోనే చేస్తున్నానక్కా అన్నాను. "మంచిపని చేసినావు అబ్బయ్యా, ఈ ఎండల్లో ఎందుకు" అంది. సార్‌తో అనలేదు. అనాలని ఆమెకు తోచను కూడా తోచలేదు.

శివరాత్రి వెళ్లిన సోమవారం పొద్దున హేచరీ నుంచి ఫోన్. ఆఫీసులో కంప్యూటర్లు తెరుచుకోవడం లేదు, ఏవో ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి అన్నారు. కొరియర్ బిల్లులా కనిపించిన ఒక మెయిలు ఆఫీసులో ఎవరో తెరిచారు. అది ఎక్కడైనా జరిగేదే. దానికేగా గది కట్టింది! నిజం చెబుతున్నాను, బండి మీద వస్తున్నంతసేపూ నేను భయపడలేదు. గది ఉంది కదా అనుకుంటూ వచ్చాను. చూడండి, నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను. విడవలూరు దాటాక, రొయ్యల చెరువుల మధ్య దారిలో గుర్తొచ్చింది. వైరు.

గుర్తొచ్చిన చోట బండి ఆపలేదు. హేచరీలోకి పోయి ఎవరితోనూ మాట్లాడకుండా తాళం తీసి గదిలోకి పోయాను. తెర మీద అవే అక్షరాలు. పక్కన శుభ్రమైన కంప్యూటరు అని చెప్పుకున్నానే, దాన్నీ దీనికే కలిపి వదిలేశాను, దాని మీదా అవే. పాత కాపీలు, కొత్త కాపీలు, అన్నీ తాళాలే. పదకొండేళ్లు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఇది జరగదు, ఇది నాకు జరగదు అని పైకే అన్నాననుకుంటాను.

ఆ తర్వాత నా చేతులు చేసిన పని నేను ఇప్పటికీ నమ్మలేను. ఆలోచించి చేయలేదు అందామంటే అబద్ధం, ఆలోచించి చేశాను అన్నా అబద్ధమే. వైరు పీకాను. సాకెట్టు చుట్టూ పూజనాటి కుంకుమ ఎండిపోయి గుండ్రంగా అంటుకుని ఉంది. ఐదు నెలలుగా ఆ వైరు కదల్లేదని చెప్పే సాక్ష్యం అదొక్కటే. జేబురుమాలు తడి చేసి దాన్ని తుడిచాను. గోళ్లతో గీకి మరీ తుడిచాను. వైరును మేకుకు తగిలించాను. అప్పుడు బయటికి వచ్చి సార్‌ని పిలిచాను.

సార్ లోపలికి వచ్చి తెర చూశాడు. తర్వాత మేకు చూశాడు. వైరు మేకుకే ఉంది కదా, మరి లోపలికి ఎట్లా వచ్చిందన్నాడు. ఎవరో మధ్యలో తగిలించి ఉంటారు సార్, అప్పుడు దూరి ఉంటుంది అన్నాను. ఎవరో అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది? తాళంచెవులు రెండే.

కావేరక్క తొట్ల దగ్గర్నుంచి తడి చేతులతోనే వచ్చింది. ఆఫీసువాళ్లు నలుగురైదుగురు గుమ్మంలో నిలబడ్డారు.

"కావేరమ్మా, ఈ వైరుగానీ నువ్వేమన్నా పెట్టినావా?" సార్ మెల్లగానే అడిగాడు.

"నేనెందుకు పెడతాను సారూ? పూజ రోజు బొట్టు పెట్టినాను. మళ్లా ముట్టుకున్నదే లేదు."

"ఈ గదిలోకి వచ్చేది మీరిద్దరే గదమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు. సాయం అడుగుతున్నట్టు. "చెప్పు అబ్బయ్యా. నేను ముట్టుకున్నానా?"

గుమ్మంలో అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు ఆమె ఒక్కమాట అనొచ్చు, ఈ అబ్బయ్య శనివారాలు రావడమే మానేశాడు సారూ అని. నాకు భయమేసింది అదే. ఆ మాట ఆమె నోటి దాకా రాకముందే నేను అడ్డం పడాలి.

"తెలియకుండా తగిలుంటుందిలే అక్కా" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. నేను అబద్ధం చెప్పానని అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆలోచిస్తోంది. నా మాట నిజమేనా అని తన బుర్రలో తను వెతుక్కుంటోంది. "ఏమో సారూ," అంది చివరికి, "మొన్న బేస్తవారం ఏసీ నీళ్లు కారితే తుడిచినాను. అప్పుడేమన్నా..." అని ఆగి, తన చేతులు తనే చూసుకుంది. "అయ్యో, ఎంత పని చేసినాను!"

నేను కదిలి, కాదక్కా అని ఉంటే? అప్పుడు కూడా టైముంది. అరనిమిషం ఉంది. తల వంచుకుని నిలబడ్డాను. అందరూ నాది బాధ అనుకున్నారు.

సార్ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ గది తాళంచెవి మాత్రం అడిగి తీసుకున్నాడు. కంప్యూటర్లకు తాళం వేసినవాళ్లకు డబ్బు ఇచ్చినా తీస్తారన్న నమ్మకం లేదని ఇవ్వలేదు. పోలీసులకు చెబితే వాళ్లు రాసుకున్నారు, అంతే. ఇంక మిగిలిన దారి ఒక్కటే. కావేరక్క తల. పదకొండేళ్ల వంశాలు ఆ తలలో చాలావరకు ఉన్నాయి. సార్ ఆమెను కూర్చోబెట్టి, రీడర్‌తో నంబర్లు చదివించి, ఇది ఎవరి బిడ్డ చెప్పమన్నాడు. రాసుకోవడానికి పక్కన నేను. ఆ పని కూడా నాకే!

మొదటి చేపకు చెప్పింది. రెండోదానికి చెప్పబోయి ఆగింది. మూడోదానికి తెలీదంది. మేత మానేసి ఏడిపించిందని ఆమే చెప్పిన తోక చీలిన చేప అది. అక్కా, ఇది నీకు తెలుసు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా చెయ్యే నాకు తెలీకుండా పని చేసినాక, నా తల చెప్పేదాన్ని ఎట్టా నమ్మేది? తప్పు చెప్తే పిల్లలన్నీ వంకర పుడతాయి. నేను చెప్పను సారూ."

ఇది మీకు అర్థమవుతోందా? సమాచారం పోయింది వైరు వల్ల. అది నా బద్ధకం. కానీ అప్పటికీ హేచరీ బతికే దారి ఉంది, అది ఆ మనిషి జ్ఞాపకంలో ఉంది, దాన్ని నా ఒక్క మాట చెరిపేసింది. దొంగ కంప్యూటర్లకే తాళం వేశాడు. ఆమె తలకు వేసింది నేను. పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుని, ఆమె ఒక్కో నంబరుకి "తెలీదు" అంటుంటే, తెలీదు అని రాసుకున్నాను. అప్పుడన్నా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పరువు అనుకునేవాణ్ణి, పెళ్లాం బిడ్డలు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ కారణాలన్నీ తర్వాత వెతుక్కున్నవి. ఆ క్షణంలో ఉన్నది ఒక్కటే. అందరూ నన్ను మంచివాడిగా చూస్తున్నారు, అది పోకూడదు.

రెండు నెలలకు సార్ తల్లి చేపలన్నిటినీ మార్కెట్‌కి అమ్మేశాడు. ఐసు పెట్టెల్లో పోయాయి. చెన్నై వైపు నుంచి వేరే చేపలు తెచ్చుకున్నాడు. కావేరక్క ప్యాకింగులో కొన్నాళ్లు చేసి మానేసింది. తర్వాత రొయ్యలు వలిచే షెడ్డుకు పోతోందని విన్నాను.

రెండేళ్ల తర్వాత ఒకసారి విడవలూరు సెంటర్లో ఎదురుపడింది. తప్పించుకుందామనుకుంటే తనే పిలిచింది. పక్కనున్న ఆవిడకు నన్ను చూపించి, ఈ అబ్బయ్య ఎంతో కష్టపడి కట్టినదాన్ని నా చేత్తో నేను పాడు చేసినాను, ఒక్క మాట అనలేదు పాపం, అంది. నాకు టీ ఇప్పించింది. తాగాను. ఏం మనిషిని నేను? తాగాను, గ్లాసు ఖాళీ చేసి పెట్టి వచ్చాను.

ఇంకా దారుణం ఉంది. ఆ సంగతి నా పనికి పనికొచ్చింది. చిన్న కంపెనీలవాళ్లకు నేను ట్రైనింగులు ఇస్తుంటాను, ఇలాంటి విడి గదులు ఎలా కట్టుకోవాలో. అందులో ఒక కథ చెప్పేవాణ్ణి. ఒకచోట అన్నీ పక్కాగా కట్టాను, తుడవడానికి వచ్చిన ఒకావిడ తెలియకుండా వైరు తగిలించేసింది, అంతా పోయింది, కాబట్టి గదిలోకి ఎవర్నీ పోనివ్వకండి అని. జనం నవ్వేవాళ్లు. ఎక్కడ ఆగితే నవ్వుతారో కూడా నాకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

కిందటి నెల సూళ్లూరుపేటలో మళ్లీ చెప్పాను. నవ్వారు. ఒక మందుల డిపోలో పనిచేసే అమ్మాయి మాత్రం చెయ్యెత్తింది. అమాయకంగానే అడిగింది.

"సార్, వైరు మేకుకు ఉంటే చెయ్యి తగిలి కింద పడుద్ది. సాకెట్లోకి ఎట్టా ఎక్కింది సార్? అది నొక్కితే గదా టక్కుమని పట్టుకునేది."

మంచి ప్రశ్న అన్నాను. ఇంకో విషయంలోకి పోయాను. కానీ లోపల ఏదో తెగిపోయింది. ఆరేళ్లు! ఇంత చిన్న ప్రశ్న ఆరేళ్లలో ఎవరూ అడగలేదే? తగిలితే ఊడే వస్తువు అది, తగిలితే ఎక్కే వస్తువు కాదు. సైన్సు చదివిన సార్‌కు తట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ నలుగురికీ తట్టలేదు. రోజూ వందసార్లు పైపులు పీకి పెట్టే కావేరక్కకు తట్టలేదు. నా అబద్ధం అంత పల్చటిది, వేలు పెడితే చిరిగిపోయేది. అయినా నిలబడింది. చెప్పింది నేను కాబట్టి. కంప్యూటర్ల సార్‌ని కాబట్టి, ఆమె తొట్లు కడిగే మనిషి కాబట్టి. చివరికి ఆమెకు కూడా తన కళ్లకంటే నా మాటే ఎక్కువైంది. సూళ్లూరుపేటలో రైలెక్కి నెల్లూరులో దిగేదాకా ఆ అమ్మాయి ప్రశ్నే నాకు నేను వేసుకుంటూ కూర్చున్నాను.

మొన్న ఆదివారం పట్టపుపాళెం పోయాను.

కావేరక్క వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏంది అబ్బయ్యా, ఇంత దూరం వచ్చినావు, కూర్చో" అంది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను. పూజ నాడు ఉండిపోయిన వైరు, ఫోను, దొంగ సంతకాలు, కుంకుమ తుడిచిన జేబురుమాలు, నేనన్న ఆ మాట. ఏదీ వదల్లేదు. మొదట్లో ఆమె చెయ్యి గింజలు తీస్తూనే ఉంది. కుంకుమ దగ్గర ఆగింది.

"అయితే నేను కాదా?" అంది.

"కాదక్కా."

"ఆ బేస్తవారం తుడిచినప్పుడు..."

"నువ్వు ముట్టుకోనేలేదక్కా. పూజ నాటి నుంచీ అది అట్టాగే ఉండింది."

"నేను కాదా?" మళ్లీ అదే మాట. నా మొహం వైపు చూడటం లేదు. ఎటో చూస్తోంది. తిడుతుందని ఎదురు చూశాను. కొట్టినా బాగుండేది. అప్పుడు అంది, "నాకన్నీ తెలుసు ఆ రోజు. ప్రతిదీ తెలుసు. చెప్పేదానికి భయమేసింది. నా చేపల్ని అమ్మేసినారు గదరా."

నన్ను ఎప్పుడూ రా అనలేదు ఆమె.

క్షమించమని అడగడానికే పోయాను నిజానికి. అడగలేకపోయాను. అడిగితే అది కూడా ఆమె దగ్గర ఇంకోటి తీసుకోవడమే అనిపించింది.

"రాసియ్యి," అంది. "ఇప్పుడు చెప్పినదంతా కాగితం మీద రాసియ్యి. సారుకి చూపిస్తాను. నీ పేరు నీ ఇష్టం. నా పేరు మాత్రం ఉండాల."

అందుకే రాశాను, ఒక కాపీ ఆమెకు, ఇంకోటి ఇట్లా ముక్కూ మొహం తెలియని మీకు. పేరు పెట్టకపోయినా సార్‌కు నేనెవరో తెలుస్తుంది. తెలియాలి. ఆయన ఏం చేస్తాడో చెయ్యనివ్వండి. నా గొంతులో ఆ అడ్డం ఇప్పుడు లేదు. దానికి నాకు సిగ్గుగానే ఉంది. ఇంత తేలిక నాకు రావాల్సింది కాదు.

ఆ ఆదివారం నేను బండి తీస్తుంటే ఆమె చింతపండు చేట పక్కన పెట్టి లేచింది. నాకోసం కాదు. పక్కింటి గోడ దగ్గరికి పోయి పిలిచింది.

"రవణమ్మా, ఇట్రా. హేచరీలో కంప్యూటర్లు పోయినాయి గదా, అది నావల్ల కాదంట. నేను కాదంట!"

రవణమ్మకు అర్థమయ్యిందో లేదో. కావేరక్క అప్పటికే వీధిలోకి దిగి, బిందెతో పోతున్న ఇంకెవరినో ఆపి అదే చెబుతోంది. ఆ మలుపు తిరిగేదాకా నాకు వినిపిస్తూనే ఉంది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.